గుర్తు ఒకచోట, అర్థం ఇంకొకచోట

వాడరేవులో రొయ్యల హ్యాచరీ నడిపేవాళ్ల మెయిల్ పెట్టె తెరిస్తే వాళ్ల వ్యాపారం ఎంత దూరం పాకిందో తెలిసిపోతుంది. తల్లి రొయ్యలు హవాయి నుంచో ఫ్లోరిడా నుంచో విమానంలో రావాలి. అందుకు చెన్నైలోని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ అనుమతి కావాలి. విమానం దిగిన రొయ్యలు తిన్నగా మన ట్యాంకులకు రావు. చెన్నై నీలాంగరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉండి, పరీక్షలు దాటాకే ఇటు బయల్దేరతాయి. 2009లో వనామి రకం రొయ్యకు తలుపులు తీసిన దగ్గర్నుంచి ఇదే వరస. సరఫరాదారు కొటేషన్, అనుమతి పత్రం, బ్యాంకు రసీదు, ఎయిర్‌వే బిల్లు, క్వారంటైన్ తేదీ, పరీక్ష ఫలితం... ఒక్క విడతకే ఇన్ని మెయిళ్లు. వీటన్నిటినీ చూసేది ఒకే మనిషి కాదు, ఒకే కంప్యూటరు మీదా కాదు. హ్యాచరీ ఆఫీసులో ఒకటి, చీరాలలో ఇంట్లో ఒకటి, లెక్కలు చూసే ఆయన దగ్గర ఒకటి, హైదరాబాదులో ఉన్న అబ్బాయి ల్యాప్‌టాప్ ఒకటి. ఫోన్లు వీటికి అదనం.

ఇలాంటి ఆఫీసులో మేనేజరు ఒక ఇన్‌వాయిస్‌కు ‘డబ్బు పంపాలి’ అని ఎర్ర ట్యాగు తగిలించి సాయంత్రం ఇంటికి వెళ్లిపోయాడనుకోండి. రాత్రి చీరాలలో యజమాని అదే మెయిల్ తెరుస్తాడు. రంగూ లేదు, ట్యాగూ లేదు. చదివేసినట్టు మాత్రం కనిపిస్తోంది. మేనేజరు చూశాడు, పంపేసి ఉంటాడు అనుకుని మూసేస్తాడు. ఇద్దరూ తమ పని తాము చేశారు, ఇన్‌వాయిస్ మాత్రం అక్కడే ఉంది. పని ఎగ్గొట్టేవాళ్ల వల్ల వచ్చే నష్టం కనిపెట్టడం తేలిక. శ్రద్ధగా పనిచేసే ఇద్దరి మధ్య జారిపోయేది కనిపెట్టడమే కష్టం.

ఈ అధ్యాయం ఆ జారిపోయేదాని గురించి. మెయిల్‌కు తగిలించే ట్యాగు అసలు ఎక్కడ ఉంటుంది, నాలుగు కంప్యూటర్లలోనూ ఒకేలా కనిపించాలంటే ఏం చెయ్యాలి, దాన్ని ఎవరు ముట్టుకోవాలి.

ట్యాగు నివాసం

‘చదివినట్టు’ అన్న సంగతి రెండో కంప్యూటరుకు చేరింది గానీ ఎర్ర ట్యాగు చేరలేదు, ఎందుకని? మెయిల్‌ను సర్వర్‌లోనే ఉంచి, ఎన్ని యంత్రాల నుంచైనా అదే పెట్టెను చూడాలన్న ఆలోచనతో 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ ఐమ్యాప్ అనే పద్ధతిని తయారుచేశాడు. అందులో ప్రతి మెయిల్‌కూ కొన్ని స్థిరమైన గుర్తులుంటాయి. చదివాం, జవాబిచ్చాం, నక్షత్రం పెట్టాం, తీసేయాలి, ఇంకా చిత్తుప్రతే. ఈ అయిదింటినీ ఐమ్యాప్ వాడే ప్రతి మెయిల్ ప్రోగ్రామూ ఒకే రకంగా అర్థం చేసుకుంటుంది. అందుకే ‘చదివినట్టు’ చీరాల దాకా వచ్చింది. వీటికి తోడు మనం కల్పించుకునే గుర్తులకూ ఐమ్యాప్‌లో చోటుంది. వాటిని కీవర్డులంటారు. అయితే కీవర్డు అంటే కొన్ని అక్షరాల ముక్క, అంతే. దాని రంగేమిటి, తెర మీద ఏ పేరుతో చూపాలి అన్నవి సర్వర్‌కు తెలియవు.

గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి పెట్టే పద్ధతి తెలిసినవాళ్లకు ఇది ఇట్టే పట్టుబడుతుంది. టిక్కీ (మిర్చి బస్తా) మీద లాట్ నంబరు ఉంటుంది. ఆ నంబరు ఏ రైతుది, తేజా రకమా మరొకటా, ఎప్పుడు లోపలికి వచ్చింది అన్నది రిజిస్టరులో ఉంటుంది. టిక్కీలను వేరే గోదాముకు తోలి రిజిస్టరును పాత గుమాస్తా సొరుగులోనే వదిలేస్తే నంబర్లు చెరిగిపోవు, కానీ ఎవరికీ ఏమీ చెప్పవు.

థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామును వాడే ఆఫీసుల్లో జరిగేది ఇదే. దాంతోపాటు అయిదు ట్యాగులు వస్తాయి: ఇంపార్టెంట్, వర్క్, పర్సనల్, టు డూ, లేటర్. కీబోర్డు మీద 1 నుంచి 5 దాకా నొక్కితే అవి పడతాయి, సున్నా నొక్కితే ఉన్న ట్యాగులన్నీ పోతాయి. (ఈ సున్నాను ఆఫీసులో అందరికీ ముందే చెప్పి ఉంచండి. ఎవరో ఒకరు పొరపాటున నొక్కే తీరతారు.) ఈ అయిదూ ప్రతి థండర్‌బర్డ్‌లోనూ ఒకే కీవర్డులతో ఉంటాయి కాబట్టి ఎవరూ ఏమీ మార్చనంత కాలం యంత్రాల మధ్య పేచీ రాదు. పేచీ మన సొంత ట్యాగులతోనే మొదలవుతుంది. ‘క్వారంటైన్’ అని కొత్త ట్యాగు చేస్తే దాని కీవర్డు మెయిల్‌తోపాటు సర్వర్‌కు వెళ్తుంది. దాని పేరు, రంగు మాత్రం ఆ కంప్యూటరులోనే, ప్రెఫ్స్ డాట్ జేఎస్ అనే ఫైలులో ఉండిపోతాయి. రెండో కంప్యూటరుకు కీవర్డు చేరుతుంది, కానీ దానికి అర్థం తెలియని థండర్‌బర్డ్ ‘ఇక్కడేదో గుర్తుంది’ అని కూడా చెప్పదు, మౌనంగా దాచేస్తుంది. యజమాని తెర మీద రంగు లేకపోవడానికి కారణం ఇదే. ట్యాగు దారిలో ఎక్కడా పోలేదు.

మందు కూడా ఇక్కడే ఉంది. రెండో కంప్యూటరులో అచ్చం అదే పేరుతో ట్యాగు తయారుచేస్తే థండర్‌బర్డ్ ఆ పేరు నుంచి అదే కీవర్డును కడుతుంది. పేరును చిన్న అక్షరాల్లోకి మార్చి, ఖాళీల చోట అడ్డగీత పెడుతుంది. రెండు చోట్లా కీవర్డు ఒకటే కాగానే పాత మెయిళ్లన్నిటి మీదా ట్యాగులు ఒక్కసారిగా ప్రత్యక్షమవుతాయి. మొదటిసారి చూసినవాళ్లకు గారడీలా ఉంటుంది. ట్యాగులు ఎక్కువుంటే ఒక్కొక్కటీ చెయ్యక్కర్లేదు. సహాయం మెనూలోని ట్రబుల్‌షూటింగ్ పేజీ నుంచి ప్రొఫైల్ ఫోల్డరు తెరవండి. ప్రెఫ్స్ ఫైలులో ‘మెయిల్‌న్యూస్ డాట్ ట్యాగ్స్’ అని ఉన్న వరుసలన్నిటినీ రెండో కంప్యూటరులోని అదే ఫైలులోకి ఎత్తి పెట్టండి. ఆ సమయంలో రెండు చోట్లా థండర్‌బర్డ్ మూసి ఉండాలి. తెరిచి ఉంటే మీరు రాసినదాన్ని అది మూసుకునేటప్పుడు తుడిచేస్తుంది.

ఇంకో సంగతి. అంకెలు ట్యాగుల వరసను బట్టి పనిచేస్తాయి. ఒక యంత్రంలో ఆరోది ‘క్వారంటైన్’, ఇంకో యంత్రంలో ఆరోది ‘జీఎస్టీ’ అయితే ఒకే అంకె రెండు చోట్ల రెండు ట్యాగులు వేస్తుంది. వరుసలు ఎత్తి పెట్టే పద్ధతిలో ఈ తేడా కూడా రాదు. చేత్తో చేసుకునేవాళ్లు ఓసారి సరిచూసుకోవాలి.

చీరాల జిల్లా మారినప్పుడు

ట్యాగు పేరు మార్చడం చాలా చిన్న పనిలా కనిపిస్తుంది. అసలు గొయ్యి అక్కడే ఉంది. చీరాలనే ఉదాహరణగా తీసుకోండి.

చీరాల ప్రాంతం ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడితే అటు వెళ్లింది, రెండేళ్లకు ఆ జిల్లాకు ప్రకాశం అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లాలో చేరింది. పన్ను కట్టబోమని 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఊరొదిలి రామనగరంలో కాపురాలు పెట్టిన చీరాల ఇది. అప్పుడు ఊరు కదిలింది, ఆ తర్వాత ఊరు ఉన్నచోటే ఉండగా జిల్లాలు కదిలాయి.

రొయ్య పిల్లలు (సీడ్) కొనే రైతుల మెయిళ్లకు జిల్లా పేరుతో ట్యాగులు పెట్టుకున్న హ్యాచరీ ఒకటుందనుకుందాం. 2021లో ‘ప్రకాశం’ అని ట్యాగు చేశారు. జిల్లా మారాక పాత కంప్యూటరులో దాన్ని ‘బాపట్ల’ అని దిద్దారు. తెర మీద అంతా బాపట్లే. కానీ పేరు మార్చినంత మాత్రాన కీవర్డు మారదు, సర్వర్‌లో ఇంకా ప్రకాశమే. మరుసటి ఏడు కొత్త కంప్యూటరు కొని అందులో ‘బాపట్ల’ అనే ట్యాగును కొత్తగా సృష్టించారు. దాని కీవర్డు బాపట్ల. ఇప్పుడు రెండు యంత్రాల్లోనూ ఒకే పేరు, ఒకే రంగు. అయినా పాతదాంట్లో పెట్టినవి కొత్తదాంట్లో కనిపించవు, కొత్తదాంట్లో పెట్టినవి పాతదాంట్లో కనిపించవు. రెండు తెరలూ పక్కపక్కన పెట్టుకుని గంటల తరబడి చూసినా తేడా ఎక్కడుందో అంతుపట్టదు.

దీనికి విరుగుడు పాత చరిత్రను మళ్లీ నడిపించడమే. కొత్త కంప్యూటరులో చేసిన ట్యాగు తీసేసి, ముందు ‘ప్రకాశం’ అని సృష్టించి, తర్వాత దాన్నే ‘బాపట్ల’గా దిద్దాలి. అప్పుడు రెండు చోట్లా లోపల ప్రకాశం, పైన బాపట్ల. కొత్తదాంట్లో ఇప్పటికే ట్యాగు వేసిన మెయిళ్లుంటే, తీసేసే ముందు వాటికో నక్షత్రం పెట్టి గుర్తుంచుకోండి.

ఇదే కిటుకు తెలుగు పేర్లకూ పనికొస్తుంది. ట్యాగు పేరు నేరుగా తెలుగు లిపిలో పెడితే థండర్‌బర్డ్ దాన్ని ఇంగ్లిష్ అక్షరాల గజిబిజిగా మార్చి సర్వర్‌కు పంపుతుంది. పనిచేస్తుంది, కానీ రేపు ఇంకో ప్రోగ్రాములో చూస్తే అదేమిటో మనిషన్నవాడికి తెలియదు. అన్ని యంత్రాల్లోనూ ముందు ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక చిన్న పేరుతో ట్యాగు చేసి, తర్వాత తెలుగులోకి దిద్దుకోండి. తెర మీద మన భాష ఉంటుంది, సర్వర్‌లో ఎవరైనా చదవగల కీవర్డు ఉంటుంది.

వేరే ఇళ్లు, వేరే పద్ధతులు

జీమెయిల్ వాడేవాళ్లకు ఈ బాధ చాలా తక్కువ. 2004 ఏప్రిల్ 1న వచ్చిన రోజు నుంచీ దానిలో ఫోల్డర్లకు బదులు లేబుళ్లే. లేబుల్ పేరు, రంగు, ఏ మెయిల్‌కు ఏది అన్నదీ మొత్తం గూగుల్ దగ్గరే ఉంటాయి. బ్రౌజరులోనో జీమెయిల్ యాప్‌లోనో చూసినంత కాలం అన్ని చోట్లా ఒకటే. చిన్న ఆఫీసుకు నా సలహా కూడా ఇదే: అందరూ బ్రౌజరులోనే చూస్తే చాలు, పైన చెప్పిందంతా మీకు అక్కర్లేదు. కాకపోతే ఒకే పాస్‌వర్డు నలుగురికీ పంచకండి. సెట్టింగుల్లో డెలిగేషన్ ఇస్తే ఎవరి పాస్‌వర్డుతో వాళ్లు లోపలికి వచ్చి అవే లేబుళ్లు చూస్తారు.

జీమెయిల్‌ను థండర్‌బర్డ్‌లో తెరిచేవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. అక్కడ లేబుళ్లు ఫోల్డర్లుగా కనిపిస్తాయి. మెయిల్‌ను ఒక ఫోల్డరులోకి కాపీ చేస్తే ఆ లేబుల్ తగిలించినట్టు. రెండు లేబుళ్లున్న మెయిల్ రెండు ఫోల్డర్లలో కనిపిస్తుంది, అంతమాత్రాన రెండు మెయిళ్లున్నాయని కాదు. థండర్‌బర్డ్‌లో వేసిన ట్యాగు జీమెయిల్ లేబుల్‌గా మారదు. ఒకరు బ్రౌజరులో లేబుళ్లు, ఇంకొకరు థండర్‌బర్డ్‌లో ట్యాగులు పెట్టుకుంటూ పోతే ఒకే పెట్టెలో ఒకరికొకరు తెలియని రెండు రాజ్యాలు నడుస్తాయి. ఏదో ఒకటి ఎంచుకోండి.

ఔట్‌లుక్‌లో వీటిని క్యాటగిరీలంటారు. ఖాతా మైక్రోసాఫ్ట్ సొంత సర్వర్ మీద ఉంటే రంగులు, పేర్లు పెట్టెతోపాటే ప్రయాణిస్తాయి. అదే ఔట్‌లుక్‌లో ఐమ్యాప్ ఖాతా పెట్టుకుంటే క్యాటగిరీలు సర్వర్‌కు చేరవు, ఆ కంప్యూటరుతోనే వాటి కథ ముగుస్తుంది.

కొన్ని పాత ఆఫీసుల్లో ఇంకా పాప్ పద్ధతి నడుస్తోంది. మెయిల్ సర్వర్ నుంచి దిగి ఒక కంప్యూటరులో కూర్చుంటుంది. ట్యాగు ఆ కంప్యూటరులోని మెయిల్ ఫైలులోనే రాసి ఉంటుంది. పాప్‌లో గుర్తులు పంచుకునే ఏర్పాటే లేదు, కాబట్టి ఎంత తెలివిగా ప్రయత్నించినా లాభం లేదు. ఐమ్యాప్‌కు మారడమే దారి. మారేటప్పుడు పదేళ్ల మెయిలంతా ఒకేసారి లాక్కెళ్లకుండా ఓ పది మెయిళ్లు తరలించి, ట్యాగులు వెంట వచ్చాయో లేదో రెండో కంప్యూటరులో చూసుకుని, ఆ తర్వాత మిగతావి కదిలించండి. ప్రొఫైల్ ఫోల్డరునే డ్రాప్‌బాక్స్‌లాంటి దాంట్లో పెట్టి రెండు యంత్రాలకు పంచుదామన్న సలహా ఎవరైనా ఇస్తే వినకండి. రెండు చోట్లా ఒకేసారి తెరిస్తే ఫైళ్లు పాడవుతాయి, ట్యాగుల కోసం వెళ్లి మెయిలే పోగొట్టుకుంటారు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మీ అబ్బాయి నాట్‌మచ్ వాడతానంటే కంగారు పడక్కర్లేదు. 2009 నుంచి ఉన్న ఆ ప్రోగ్రాము ట్యాగులన్నిటినీ సొంత డేటాబేసులో, సొంత యంత్రంలో దాచుకుంటుంది. వాటిని మామూలు అక్షరాల ఫైలుగా బయటికి తీసి ఇంకో చోట ఎక్కించవచ్చు. రెండు యంత్రాల మధ్య సరిచేయడానికి మచ్‌సింక్ అనే సాధనం కూడా ఉంది. ఒంటరిగా పనిచేసేవాళ్లకు ఇంతకన్నా వేగమైనది అరుదు. నలుగురున్న ఆఫీసులో మాత్రం ఆ అబ్బాయి ట్యాగులు ఆ అబ్బాయికే.

తీసేది ఒక్కరే

అన్నీ కుదిరి నాలుగు యంత్రాల్లోనూ ట్యాగులు కనిపిస్తున్నాయి. ఇక మిగిలింది మనుషుల మధ్య పేచీ.

ఐమ్యాప్‌లో ట్యాగు వేయడమంటే ‘ఈ గుర్తు చేర్చు’ అని, తీయడమంటే ‘ఈ గుర్తు తీసెయ్’ అని సర్వర్‌కు చెప్పడం. మేనేజరు ‘క్వారంటైన్’ చేర్చి, అదే నిమిషంలో యజమాని ‘బ్యాంకు’ చేరిస్తే రెండూ నిలుస్తాయి, గొడవ లేదు. ఒకరు చేర్చినదాన్ని ఇంకొకరు తీసినప్పుడే చిక్కు. అప్పుడు సర్వర్‌కు చివరగా చేరిన మాటే నెగ్గుతుంది. చివరగా చేరిన మాట అన్నిసార్లూ చివరగా అన్న మాట అయి ఉండదు, చూడండి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటిలాంటి రోజులు ఈ తీరంలో మామూలే. కరెంటు, నెట్ లేని వేళ ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఆఫ్‌లైన్‌లో కూర్చుని ట్యాగులు సర్దినవన్నీ థండర్‌బర్డ్ దాచుకుని, నెట్ వచ్చాక వరసగా పంపుతుంది. ఈలోపు చీరాలలో ఇంకొకరు డబ్బు పంపేసి, ట్యాగు తీసేసి ఉండొచ్చు. రెండు రోజుల నాటి ‘డబ్బు పంపాలి’ ఇప్పుడొచ్చి మళ్లీ అతుక్కుంటుంది. జాగ్రత్తపరుడైన గుమాస్తా రెండోసారి డబ్బు పంపే ప్రమాదం ఇలాగే వస్తుంది.

కాబట్టి పని మిగిలి ఉందని చెప్పే ట్యాగులకు ఒక కట్టుబాటు పెట్టుకోండి. పెట్టేది ఎవరైనా కావచ్చు, తీసేది ఒక్కరే. డబ్బుకు సంబంధించిన ట్యాగును లెక్కలు చూసే ఆయన తప్ప యజమాని కూడా తీయకూడదు. ఈ కట్టుబాటును మొదట తప్పేది యజమానే అవుతాడు. సీటు ఆయనది కాబట్టి ఎవరూ అడగరు. ఆయనే తనను తాను అడుక్కోవాలి.

ఇక ఎన్ని ట్యాగులు? చాలా వెబ్ హోస్టింగు కంపెనీలు వాడే డవ్‌కాట్ అనే సర్వర్, మెయిళ్లను మెయిల్‌డిర్ పద్ధతిలో దాచేటప్పుడు కీవర్డులను మెయిల్ ఫైలు పేరులోనే ఒక్కో ఇంగ్లిష్ అక్షరంగా రాస్తుంది. అక్షరాలు 26, కాబట్టి ఒక ఫోల్డరులో అలా చోటు దొరికేదీ 26 కీవర్డులకే. సాంకేతికంగా అదొక హద్దు. నన్నడిగితే అంత దూరం పోవడమే దండగ, ఆరేడు దాటకూడదు. ఎవరు పంపారు, ఏ తేదీన, ఏ విడత గురించి అన్నవి వెతికితే దొరుకుతాయి. అవి మెయిల్‌లోనే ఉన్నాయి. దానితో మనం ఏం చెయ్యాల్సి ఉంది అన్నది మాత్రం మెయిల్‌లో ఎక్కడా రాసి ఉండదు. ట్యాగు దానికే పెట్టండి: డబ్బు పంపాలి, జవాబు రావాలి, సంతకం కావాలి, ఆడిట్‌కు ఉంచాలి. జిల్లాల పేర్లతో ట్యాగులు పెట్టుకున్న హ్యాచరీకి అసలు అవి అవసరమే లేదు. వెతుకులాట పెట్టెలో ఊరి పేరు కొడితే సరిపోయేది.

ఫోన్ల కోసం ఒకటి విడిగా. ఫోన్లలోని చాలా మెయిల్ యాప్‌లు కీవర్డులను చూపవు. నక్షత్రం మాత్రం అన్నిటికీ తెలుసు. అందుకని నక్షత్రాన్ని అలంకారంగా వాడేయకుండా ‘ఈ రోజే’ అన్న ఒక్క అర్థానికి అట్టిపెట్టుకుంటే, చెన్నై విమానాశ్రయంలో నిలబడి ఫోన్ చూస్తున్న మనిషికి కూడా అది పనికొస్తుంది.

నకలు కూడా తీసి పెట్టుకోవాలి. జీమెయిల్ అయితే గూగుల్ టేకౌట్ నుంచి మెయిలంతా దింపుకోవచ్చు. అందులో ప్రతి మెయిల్ తలభాగంలో దాని లేబుళ్లన్నీ అక్షరాల్లో రాసి వస్తాయి. థండర్‌బర్డ్ అయితే ప్రొఫైల్ ఫోల్డరు మొత్తం ఓ పెన్‌డ్రైవులోకి. వీటికి తోడు ఒక తెల్లకాగితం మీద ట్యాగుల పట్టిక రాసి గోడకు అంటించండి: తెర మీది పేరు, మొదట పెట్టిన ఇంగ్లిష్ పేరు, దాన్ని తీసే హక్కు ఎవరిది. మనుషులు మారే ఆఫీసుల్లో ఈ కాగితం చేసే పని ఏ సాఫ్ట్‌వేరూ చేయదు.

కొత్త కంప్యూటరు వచ్చిన రోజు ఆ కాగితం ముందు పెట్టుకోండి. మొదట పెట్టిన పేర్లతోనే ట్యాగులు తయారుచేసి, తర్వాత తెర మీది పేర్లకు దిద్దండి. పాత యంత్రం నుంచి మీకు మీరే ఒక మెయిల్ పంపుకుని, దానికి పట్టికలో ఉన్న ట్యాగులన్నీ తగిలించండి. కొత్త యంత్రంలో అవన్నీ కనిపిస్తే అటు వెళ్లడం కుదిరినట్టు. ఇప్పుడు కొత్త యంత్రంలో ఒకటి తీసేసి, పాతదాంట్లో అది పోయిందో లేదో చూడండి. ఏదైనా ఒకటి కనిపించకపోతే ఎప్పుడో ఎవరో దాని పేరు మార్చి ఉంటారు. లోపలి పేరు పాత యంత్రంలోని ప్రెఫ్స్ ఫైలులోనే దొరుకుతుంది. అంతవరకూ ఆ పాత కంప్యూటరును పాత సామాన్లవాడికి ఇవ్వకండి.